రెజ్యూమేలో చివరి పంక్తి

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ పూర్తి చేసి పదకొండు నెలలైంది. మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పటి వరకు 214 దరఖాస్తులు పంపాను, లెక్క రాసి పెట్టుకున్నాను. తొమ్మిది చోట్ల పరీక్ష పెట్టారు, మూడు చోట్ల ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. మిగతా చోట్ల నుంచి జవాబే లేదు. నేను చేరేటప్పుడు 'ఈ చదువుకు ఉద్యోగం ఖాయం' అన్నవాళ్లే ఇప్పుడు 'కోడ్ అంతా యంత్రమే రాస్తోంది కదా, ఇంకేం చేస్తావు' అంటున్నారు. నాన్న ఏమీ అనరు గానీ రోజూ సాయంత్రం 'ఏమైనా మెయిల్ వచ్చిందా' అని అడుగుతారు. ఆ మాట వినలేక ఆ వేళకు గదిలోంచి బయటికి రావడం మానేశాను. మాస్టర్స్ చేయాలా, కృత్రిమ మేధ కోర్సు ఏదైనా నేర్చుకోవాలా, లేక ఈ రంగమే వదిలేయాలా? రెజ్యూమే జత చేశాను. అందులో చివరనున్న గ్రంథాలయం పని చెప్పుకోదగ్గది కాదు, ఖాళీ నింపడానికి పెట్టాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు, రెజ్యూమే నాలుగుసార్లు చదివాను. మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఆ మూడింటి అడుగునా మీరు రాయని ప్రశ్న ఇంకొకటి ఉంది: 'లోపం నాలోనే ఉందా?' ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత తక్కినవాటికి వస్తాను.

214 అన్న అంకెను మీరు మీ మీద వెలువడిన తీర్పుగా తీసుకుంటున్నారు. అది తీర్పు కాదమ్మా. వాటిలో చాలా దరఖాస్తుల మీద మనిషి చూపు పడి ఉండదు. దరఖాస్తు పంపడం క్షణాల పని అయిపోయాక ప్రతి ఖాళీకీ అవి గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. గుట్టను వడకట్టడానికి సంస్థలు సాఫ్ట్‌వేర్‌ను పెడుతున్నాయి. అందులోంచి మిగిలినవాటిలో పైపైని కొన్ని తీసి చూసేసరికే ఖాళీ నిండిపోతుంది. చదివి వద్దనడం వేరు, అసలు చదవకపోవడం వేరు. జవాబు రాని ప్రతి చోటా ఎవరో మిమ్మల్ని తూచి పక్కన పెట్టినట్టు ఊహించుకుంటూ పదకొండు నెలలు గడిపారు. ఆ బరువు మీది కాదు, దించేయండి. మీ లెక్కలో నిజంగా పనికొచ్చే అంకె మూడు. ఆ మూడు చోట్ల మనుషులు మీతో మాట్లాడారు. ఏ ప్రశ్న దగ్గర మీ గొంతు తగ్గిందో, ఏ ప్రశ్న దగ్గర అవతలి మనిషి ముందుకు వంగి విన్నాడో గుర్తున్నంత వరకు ఇవాళే రాసి పెట్టుకోండి.

ఇక కాలం సంగతి. మీరు తలుపు తట్టిన వేళ మంచిది కాదు. దీన్ని మెత్తగా చుట్టి చెబితే మీకు మేలు జరగదు. 2020, 2021లలో జనం పని, చదువు, కొనుగోళ్లు అన్నీ ఇంటి నుంచే సాగించారు. అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు దాదాపు సున్నా దగ్గర ఉంది. అప్పు చవకగా దొరికిన ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ సంస్థలు రేపటి అవసరాలకు కూడా ముందే మనుషుల్ని తీసేసుకున్నాయి. 2022 మార్చిలో వడ్డీలు పెరగడం మొదలై 2023 జూలైకి ఐదు శాతం దాటాయి. లెక్క తిరగబడింది. 2022 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని, అమెజాన్ 18 వేల మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి. ఇవన్నీ పతాక శీర్షికలయ్యాయి. శీర్షికల్లోకి రాని లెక్క ఒకటి చూడండి. 2019 చివర మెటాలో పనిచేసినవారు దాదాపు 45 వేలు. 2022 సెప్టెంబరుకు వారు 87 వేలయ్యారు. రెండు విడతల తొలగింపుల తర్వాత, 2023 చివర, 67 వేల మంది మిగిలారు. పొంగు తీసినా ఏరు పాత మట్టానికి దిగలేదు. అయితే అలా బయటికి వచ్చిన అనుభవజ్ఞులంతా ఉద్యోగాల వరుసలో మీకంటే ముందు నిలబడ్డారు. మీ నిశ్శబ్దపు ఇన్‌బాక్స్‌కు సగం కారణం అదే.

రెండో సగం మీకు తెలిసిందే. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది. వడ్డీల దెబ్బ, యంత్రం దెబ్బ ఒకే కాలంలో పడ్డాయి కాబట్టి ఏ దెబ్బ ఎంతదో విడదీసి చెప్పడం తేలిక కాదు. అయినా 2025 ఆగస్టులో స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్తలు ముగ్గురు అమెరికాలోని జీతాల చెల్లింపు రికార్డులను తిరగేసి ఒక పత్రం వెలువరించారు. 22 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరి నాటి స్థాయి కంటే దాదాపు 20 శాతం తగ్గాయని అందులో తేలింది. పెద్ద వయసు డెవలపర్లలో ఆ తరుగు కనిపించలేదు. అంటే మీ వయసువారికే ముందుగా తగిలింది. మీకు కష్టంగా అనిపిస్తున్నది మీ భ్రమ కాదని చెప్పడానికే ఈ అంకె తెచ్చాను.

ఇంకో పట్టిక కూడా చూపించాలి. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో ప్రచురించిన లెక్కల్లో, కొత్తగా పట్టా పుచ్చుకున్న కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో నిరుద్యోగం 6.1 శాతం. చాలా చదువులకంటే అది ఎక్కువ. ఆ అంకె అందరి నోళ్లలోనూ నానింది, బహుశా మీ చెవినా పడి ఉంటుంది. అదే వరుసలో పక్క గడి ఎవరూ చదవలేదు. డిగ్రీ అక్కర్లేని పనుల్లో సర్దుకున్నవారి వాటా ఎంత అని చెప్పే గడి అది. మొత్తం కొత్త పట్టభద్రుల్లో ఆ వాటా 40 శాతానికి అటూ ఇటూగా ఉంటే, కంప్యూటర్ సైన్స్‌లో 16.5 శాతమే. ఈ రెండు గడుల్నీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: ఈ చదువు చదివినవాళ్లు పని కోసం ఎక్కువ రోజులు ఎదురుచూస్తున్నారు, దొరికాక మాత్రం చదువుకు తగ్గ పనిలోనే ఎక్కువగా కుదురుకుంటున్నారు. ఇది ఒక్క దేశపు లెక్క, ఒక కాలపు లెక్క. అయినా 'అంతా అయిపోయింది' అనేవారికి జవాబుగా సరిపోతుంది.

అసలు తగ్గుతున్న పని ఏది? అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాలో రెండు పద్దులు వేరువేరుగా ఉన్నాయి. 'కంప్యూటర్ ప్రోగ్రామర్లు' అన్న పద్దు 10 శాతం తగ్గుతుందని, 'సాఫ్ట్‌వేర్ డెవలపర్లు, టెస్టర్లు' అన్న పద్దు 17 శాతం పెరుగుతుందని రాశారు. బయటివారికి రెండూ ఒకటే. కానీ మొదటి పద్దులోనివారి పని ప్రధానంగా ఇతరులు నిర్ణయించి ఇచ్చినదాన్ని కోడ్‌గా మార్చడం. రెండో పద్దులోనివారు ఏది కావాలో తేల్చి, కట్టి, అది నడిచేటట్టు చూసి, విరిగితే జవాబు చెబుతారు. యంత్రం తింటున్నది మొదటిదాన్ని. ఇబ్బంది ఎక్కడంటే, కొత్తగా చేరినవాళ్లకు ఇంతకాలం మొదటి మెట్టుగా ఇచ్చింది కూడా ఆ పనినే. మెట్టు విరిగింది, మేడ అలాగే ఉంది. మీ తరం ముందున్న చిక్కు ఇదేనని నా నమ్మకం. చదువులో మీకు ఎక్కువగా నేర్పింది ఆ విరిగిన మెట్టు ఎక్కడమే కావడం మీ తప్పు కాదు.

మెట్టు విరగడం ఇది మొదటిసారి కాదు. 1954లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి తొలి నివేదిక రాసినప్పుడు, ఇది వస్తే కోడ్ రాయడమూ తప్పులు దిద్దడమూ దాదాపు లేకుండా పోతాయని ఆశపడింది. 1957లో ఫోర్‌ట్రాన్ వచ్చింది. యంత్ర భాషలో అంకెలు పేర్చే పని నిజంగానే అడుగంటింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు మాత్రం పెరిగారు, ఎందుకంటే చవకైన కొద్దీ అంతవరకు ఎవరూ అడగని ప్రోగ్రాములు అడగడం మొదలుపెట్టారు. 2000 మార్చిలో టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ శిఖరం ఎక్కి, 2002 అక్టోబరుకు నాలుగింట మూడు వంతులకు పైగా కోల్పోయింది. ఆ భయంతో అమెరికా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్‌లో కొత్తగా చేరేవారు 2007 నాటికి సగానికి పడిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే 2006లో అమెజాన్ క్లౌడ్ నిల్వ సేవ, 2007లో ఐఫోన్ వచ్చాయి. వాటితో కొత్త పని పుట్టుకొచ్చేసరికి, భయపడి పక్కకు తప్పుకున్నవారి చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఈసారీ అలాగే జరుగుతుందని మాట ఇవ్వను. ఒక మార్కెట్ పడిపోయినప్పుడు దాన్ని చూసి నలభై ఏళ్ల బతుకును నిర్ణయించుకోవద్దని మాత్రం చెప్పగలను.

నేను పట్టా పుచ్చుకున్నది 2002లో. నా మొదటి ఉద్యోగంలో కోడ్ రాసే పనే లేదు. రాత్రంతా ఒక సంస్థ సర్వర్ల ముందు కూర్చుని, ఏదైనా ఆగితే ఫోను చేసి పెద్దవాళ్లను లేపాలి. మొదటి నెలలు సిగ్గుతో స్నేహితులకు కూడా చెప్పలేదు. తర్వాత ఒక రాత్రి, లేపే ముందు కారణం నేనే వెతికి చూద్దామని, సర్వర్ తన పనులన్నీ నమోదు చేసుకునే లాగ్ ఫైళ్లు తెరిచాను. రెండు గంటలు పట్టింది. డిస్కు నిండిపోయింది, అంతే. దాన్ని నింపుతున్నదేమిటో తెలుసుకోవడానికి ఇంకో నాలుగు రాత్రులు పట్టింది. ఏడాదిన్నర తర్వాత నన్ను కోడ్ రాసే బృందంలోకి తీసుకున్న మనిషి, నేను రాసిన ప్రోగ్రాము ఒక్కటీ అడగలేదు. ఆ డిస్కు కథ చెప్పమన్నాడు.

అలాంటి కథే, అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది, 2024 మార్చిలో జరిగింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే డెవలపర్. ఏదో వేగం కొలిచే పరీక్షలు చేసుకుంటూ ఉంటే, సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ప్రోగ్రాము మామూలుకంటే అర సెకను ఎక్కువ తీసుకోవడం ఆయన కంటపడింది. 0.3 సెకన్లు పట్టాల్సింది 0.8 పడుతోంది. ఆ పని ఆయనది కాదు, ఎవరూ అడగలేదు, ఏదీ విరగలేదు. అయినా తవ్వాడు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. ఆ ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించుకుని మరీ పెట్టారు. మార్చి 29న ఫ్రాయిండ్ బయటపెట్టకపోతే ఆ కోడ్ లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరేది.

అర సెకను తేడాను పట్టించుకోవడం ఏ సిలబస్‌లోనూ లేదు. కానీ సంస్థలు చివరికి జీతం ఇచ్చేది ఇటువంటి శ్రద్ధకే. యంత్రం కోడ్‌ను ఎంత ఎక్కువగా, ఎంత వేగంగా కుమ్మరిస్తే, దాన్ని చూసి 'ఇక్కడేదో తేడాగా ఉంది' అనగలిగే మనిషి అవసరం అంత పెరుగుతుంది. అది లేకపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ చూసింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది, ఎనిమిదో దానిలో పాతది నిద్రలేచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

ఇప్పుడు మీ రెజ్యూమే తీస్తాను. పైన 'నైపుణ్యాలు' అన్న పంక్తిలో పంతొమ్మిది పేర్లున్నాయి. పైథాన్, జావా, సి దగ్గర మొదలై బ్లాక్‌చెయిన్ దాకా వెళ్లాయి. అంత పొడుగు జాబితా చూసిన మనిషి ఏ ఒక్కటీ లోతుగా రాదనే అనుకుంటాడు. అందులో ఎవరైనా గంటసేపు గుచ్చి గుచ్చి అడిగినా నిలబడగలిగేవి ఎన్ని? నాలుగైతే నాలుగే ఉంచండి. తర్వాత మూడు ప్రాజెక్టులు: పనుల జాబితా యాప్, వాతావరణం చూపే యాప్, ముఖం చూసి హాజరు వేసే వ్యవస్థ. మొదటి రెండూ మీతో పాటు చదివిన ప్రతి ఒక్కరి రెజ్యూమేలోనూ ఉంటాయి, పైగా యంత్రం వాటిని పది నిమిషాల్లో రాసి ఇస్తుంది. మూడోదాని దగ్గర కాసేపు ఆగాను. '96 శాతం కచ్చితత్వం' అని రాశారు. నూరుసార్లలో నాలుగుసార్లు తప్పు పడుతుందన్నమాట. వచ్చిన విద్యార్థికి రాలేదని పడితే ఆ అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి? దాన్ని ఎవరు, ఎలా సరిచేస్తారు? ఆ రెండు ప్రశ్నలకు జవాబు ఉండి ఉంటే మీ ప్రాజెక్టు మిగతావాటి కంటే వేరుగా నిలిచేది.

పేజీ అడుగున 'ఇతరాలు' అన్న చోట, చిన్న అక్షరాల్లో, ఒక్క పంక్తి: 'కళాశాల గ్రంథాలయం పాత రిజిస్టర్లను డేటాబేస్‌లోకి మార్చడంలో సాయం, ఐదు నెలలు.'

మీరు ఖాళీ నింపడానికి పెట్టానన్నది దీన్నే. మీ రెజ్యూమే మొత్తంలో నేను ముందుకు వంగి చదివింది కూడా దీన్నే.

పాత రిజిస్టర్లు ఎలా ఉంటాయో నాకు కొంత తెలుసు. ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా ఉంటుంది, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరాలు. ఒకే సంఖ్య రెండు పుస్తకాలకు వేసి ఉంటుంది. తేదీల్లో ఏది రోజో ఏది నెలో తెలియదు. ఎర్ర సిరాతో కొట్టేసిన వరుస పుస్తకం పోయిందనా, తిరిగి వచ్చిందనా? అయిదు నెలల పాటు మీరు ఇలాంటివి రోజుకు ఎన్నో తేల్చి ఉంటారు. ఆ నాలుగు పేర్లూ ఒకే మనిషివని ఎలా నిర్ణయించారు? తప్పు కలిపితే విడదీయడానికి దారి ఉంచారా? గ్రంథపాలకులు మీరు కట్టినదాన్ని వాడారా, పక్కన పెట్టి మళ్లీ రిజిస్టరే తీశారా? పక్కన పెట్టి ఉంటే ఎందుకు? నిజమైన మనుషులు, చెదిరిపోయిన సమాచారం, అడిగేవారికే స్పష్టంగా తెలియని అవసరం – సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే రోజూ ఇదే. మీకు అనుభవం లేదని 214 చోట్ల మీరే రాసి పంపారు. ఉంది. అది పేజీ అడుగున దాక్కుంది.

కాబట్టి ఆ పంక్తిని పైకి తీసుకురండి. వీలైతే అదే గ్రంథాలయానికి మళ్లీ వెళ్లి, ఆ డేటాబేస్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడండి. చిన్నది ఒకటి దానికి జోడించండి, ఉదాహరణకు ఆలస్య రుసుము లెక్క. యంత్రం చేతనే రాయించండి, తప్పులేదు. అది క్షణంలో చక్కటి కోడ్ ఇస్తుంది. అప్పుడు మీ పని మొదలవుతుంది. తిరిగిచ్చిన తేదీ తీసుకున్న తేదీకంటే ముందుంటే రుసుము మైనస్‌లోకి పోతోందా? సెలవు రోజులను లెక్కపెడుతోందా? ఫిబ్రవరి 29న తీసుకున్న పుస్తకం సంగతేమిటి? ఇద్దరు ఒకే క్షణంలో మీట నొక్కితే రుసుము రెండుసార్లు పడుతుందా? ఒక్కొక్కదానికీ పరీక్ష రాయండి. ఎక్కడ విరిగిందో, ఎలా దిద్దారో రాసి ఉంచండి. పది యాప్‌ల కంటే ఈ ఒక్క ఫంక్షన్ చరిత్ర మీ గురించి ఎక్కువ చెబుతుంది. ఇంటర్వ్యూల్లో ఇప్పుడు చాలాచోట్ల మీ కోడ్‌నే తెర మీద పెట్టి 'దీన్ని ఇలా మార్చండి' అంటున్నారు. వివరించలేని పంక్తి ఒక్కటి కూడా మీ పేరు మీద ఉండకూడదన్న నియమం పెట్టుకుంటే ఆ గంట మీకు భయంగా ఉండదు.

దరఖాస్తుల తీరు కూడా మార్చాలి. కనబడిన ప్రతి ఖాళీకీ పంపడం ఆపి, వారానికి నాలుగే ఏరి పంపండి. ఆ నాలుగు సంస్థలు ఏం చేస్తాయో చదివి, వాటి ఉత్పత్తి వాడదగ్గదైతే వాడి, అక్కడ పనిచేసే ఒక మనిషికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. ఉద్యోగం ఇప్పించమని అడగవద్దు. వారి పని గురించి నిజంగా మీకు తెలుసుకోవాలనున్న ఒక ప్రశ్న అడగండి. చాలామంది జవాబు ఇవ్వరు, కొందరు ఇస్తారు. మీ సీనియర్లలో ఎవరైనా మీ పని ఎరిగినవారుంటే మొహమాటం లేకుండా అడగండి. లోపలి మనిషి చేతికిచ్చిన రెజ్యూమేను మనిషే చదువుతాడు.

సాఫ్ట్‌వేర్ సంస్థలకే కట్టుబడి ఉండకండి. ఆసుపత్రులు, బ్యాంకులు, బీమా సంస్థలు, కర్మాగారాలు, రవాణా సంస్థలు – వీటన్నిటిలోనూ ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన సాఫ్ట్‌వేర్‌ను మోసేవాళ్లు కావాలి. 1959లో రూపుదిద్దుకోవడం మొదలైన కోబాల్ భాష ఇప్పటికీ బ్యాంకుల్లో నడుస్తోంది. అటువంటి చోట పాత రిజిస్టర్లను ఓపికగా చదివిన మనిషికి విలువ ఎక్కువ. టెస్టింగ్, సపోర్టు, సర్వర్ల నిర్వహణ, డేటా సర్దే పనులు తక్కువవని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఆ పనిలో అసలు వ్యవస్థను తాకే వీలుందా, పక్కనే నేర్పే మనిషి ఉన్నాడా అన్న రెండే చూడండి. ఆ రెండూ లేకుండా ఏళ్ల తరబడి కదలనివ్వని ఒప్పందం మీద సంతకం పెట్టమంటే మాత్రం ఆలోచించండి. ఒక మాట గట్టిగా చెబుతాను. శిక్షణ రుసుమనో, పూచీ అనో, పత్రాల ఖర్చనో ఉద్యోగం ఇవ్వడానికి ముందు డబ్బు అడిగే ఏ ఒక్కరికీ ఏమీ చెల్లించవద్దు. నెలల తరబడి ఎదురుచూసినవాళ్ల కోసమే ఆ వల పన్నుతారు.

మాస్టర్స్ గురించి: ఒక విషయం లోతుగా నేర్చుకోవాలన్న కోరిక ఉండి, అది ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలిసి ఉంటే చేయండి. ఖాళీగా ఉన్నానన్న మాట తప్పించుకోవడానికైతే వద్దు. అప్పు చేసి అయితే అసలే వద్దు. రెండేళ్ల తర్వాత ఇదే వరుసలో, ఇంకాస్త బరువుతో నిలబడతారు.

కృత్రిమ మేధ కోర్సు విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆ పనిముట్లు వాడటం రావాలి, అందులో సందేహం లేదు. కానీ వాటిని వాడటం వాడుతూనే వస్తుంది, సర్టిఫికెట్‌తో కాదు. వాటిని తీర్చిదిద్దే పని కావాలంటే గణితంలోని లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత కావాలి. అవి మూడు నెలల కోర్సులో రావు. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ పదహారు మంది అనుభవమున్న డెవలపర్లను వారికి బాగా తెలిసిన కోడ్ మీదే పరీక్షించింది. యంత్రం సాయంతో తాము 20 శాతం వేగంగా పనిచేశామని వాళ్లు అనుకున్నారు. గడియారం మాత్రం 19 శాతం ఆలస్యమైందని చూపింది. ఆ పనిముట్లు అప్పటి నుంచి మెరుగయ్యాయి, రేపు ఇంకా మెరుగవుతాయి. నేను పట్టుకున్నది వేగం సంగతి కాదు. వాళ్లకు తమ పని గురించి తామే పొరపడే అవకాశం కలిగింది, అదీ నన్ను ఆలోచింపజేసింది. మీరు కోర్సుకు పెట్టే సమయాన్ని డేటాబేస్‌లు, లినక్స్, నెట్‌వర్క్‌ల పునాదుల మీద, ఇతరులు రాసిన కోడ్ చదవడం మీద పెడితే ఆ పొరపాటును పట్టుకునే కన్ను వస్తుంది.

రంగం వదిలేయాలా అన్నదానికి నేను జవాబు చెప్పలేను, కానీ ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. ఆ రిజిస్టర్ల పని చేసిన ఐదు నెలలు గుర్తు చేసుకోండి. చిక్కు విప్పుతుంటే గంటలు తెలియకుండా గడిచిన రోజులున్నాయా? ఉంటే ఉండండి, ఆరు నెలలు గడువు పెట్టుకుని ఇలా ప్రయత్నించండి. ఈలోగా చేతి ఖర్చులకు వేరే పని ఏదైనా చేయడం ఓటమి కాదు. ఒక్క రోజూ అలా లేకపోతే, జీతం కోసమే ఇందులోకి వచ్చానని మీకే అనిపిస్తే, వేరే దారి చూసుకోవడంలో అవమానం ఏమీ లేదు. ఆ చదువు ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది.

నాన్నగారి గురించి. ఆయన అడిగేది మెయిల్ సంగతి అని మీరనుకుంటున్నారు. మీతో మాట్లాడటానికి ఆయనకు దొరికిన దారి అదొక్కటే అయి ఉండవచ్చు. గదిలోంచి బయటికి రండి. 'రోజూ చెప్పడానికి ఏమీ ఉండదు నాన్నా, ఆదివారం సాయంత్రం వారంలో ఏం చేశానో నేనే చెబుతాను' అనండి. చెప్పేటప్పుడు వచ్చిన జవాబుల లెక్క కాకుండా ఆ వారం ఏం విరిగింది, ఎలా దిద్దారు అన్నది చెప్పండి. కంప్యూటర్ తెలియని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంటర్వ్యూకు కూడా అదే సాధన.

ఈ వారం దరఖాస్తులేవీ పంపవద్దు. కూర్చుని ఆ గ్రంథాలయం పని గురించి రెండు పేజీలు రాయండి. రిజిస్టర్లు ఎలా ఉండేవి, మొదటి రోజు ఏం చూసి హడలిపోయారు, ఏ నిర్ణయం తప్పని తర్వాత తెలిసింది, ఇప్పుడైతే ఏం మారుస్తారు. అలంకారాలేమీ వద్దు. రాశాక నాకు పంపండి, దాన్నుంచి రెజ్యూమేలోకి వెళ్లాల్సిన నాలుగు పంక్తులు ఇద్దరం కలిసి తీద్దాం. మొత్తం ఎన్ని పుస్తకాలో మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. దానితో మొదలుపెట్టండి.